కొత్తావకాయ లాంటి వైన్!

నవంబరు మూడో గురువారం రేపనగా, ముందురోజు రాత్రి. ఫ్రాన్స్‌లోని బోజూ అనే చిన్న ఊళ్లో చలి వణికిస్తున్నా జనం ఇళ్లలో ఉండరు. ఎండిన ద్రాక్ష కొమ్మలతో కట్టిన కాగడాలు పట్టుకుని, పీపాలను ఊరేగిస్తూ వీధుల్లోకి వస్తారు. గడియారం పన్నెండు కొట్టగానే పీపాకు బిరడా తీస్తారు. అంతే... గ్లాసుల్లోకి ఎర్రెర్రగా కొత్త వైన్! రెండు నెలల కిందట తీగ మీదున్న ద్రాక్షే అది.

దాని పేరు బోజొలే నువో. నువో అంటే కొత్తది. ఫ్రాన్స్‌లో సీసా పది యూరోల్లోపే దొరుకుతుంది. ఒక్క సీసాకే లక్షలు పలికే దేశంలో ఈ చౌక వైన్‌కు ఇంత సందడేమిటి? అసలిది మంచిదేనా? ఈ వాదన ఇప్పటిది కాదు, ఆరువందల ఏళ్ల నాటిది.

పొమ్మన్న ద్రాక్ష

లియోన్ నగరానికి ఉత్తరాన, సోన్ నదికి పడమటి వైపున్న కొండల వరసే బోజొలే. దక్షిణ భాగంలో ఊళ్లన్నీ తేనెరంగు రాతి ఇళ్లే. ఎండ పడితే బంగారంలా మెరుస్తాయి. అందుకే ఆ ప్రాంతాన్ని ‘బంగారు రాళ్ల సీమ’ అంటారు. ఉత్తరాన గ్రానైట్ నేలలు. ఎక్కడ చూసినా గమే అనే నల్లద్రాక్ష తోటలే.

ఈ గమేకు పొరుగునున్న బర్గండీలో మర్యాద దక్కలేదు. విరగకాస్తుంది గానీ నాణ్యత లేదంటూ 1395లో అక్కడి ప్రభువు ఫిలిప్ తీగలను పీకేయమని ఆజ్ఞాపించాడు. అక్కడ కాదన్న ద్రాక్ష ఈ గ్రానైట్ కొండల్లో కుదురుకుంది. లియోన్ పట్టునేత కార్మికులకు రోజువారీ పానీయమైంది. ఆ నగరానికి మూడు నదులని ఓ చమత్కారం కూడా ఉంది... రోన్, సోన్, బోజొలే! ఇప్పటికీ అక్కడి చిన్న భోజనశాలల్లో అడుగు మందంగా ఉండే 46 సెంటీలీటర్ల సీసాలో తెచ్చి బల్ల మీద పెడతారు.

నాలుకే న్యాయమూర్తి

ఎర్ర వైన్‌కు మామూలుగా ద్రాక్షను చిదిపి, తొక్కలతో సహా పులియబెడతారు. ఇక్కడ గుత్తుల్ని గుత్తులుగానే తొట్లలో వేసి మూసేస్తారు. పండు చితక్కూడదు కాబట్టి కోత ఎక్కువగా చేత్తోనే. అడుగున నలిగిన పళ్ల రసం పులిసి కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. గాలి అందక పైనున్న పళ్లు లోలోపలే పులవడం మొదలుపెడతాయి. కొద్ది రోజులకే పిండేస్తారు. దాంతో రంగు దిగుతుంది గానీ తొక్కల్లోని వగరు పెద్దగా దిగదు.

రుచి చూసేవాళ్లు ముందు గ్లాసును తెల్లకాగితం మీదికి వంచి రంగు గమనిస్తారు. నేరేడు ఛాయ కలిసిన ఎరుపు కనిపిస్తే లేత వైన్ అన్నమాట. తర్వాత వాసన. స్ట్రాబెర్రీ, చెర్రీ, ఒక్కోసారి బాగా పండిన అరటిపండు! అరటిపండులో ఉండే ఐసోఅమైల్ ఎసిటేట్ ఇందులోనూ పుట్టడమే దానికి కారణం. చివరగా ఓ గుక్క నోట్లో తిప్పుతారు. పులుపెంత? వగరు చిగుళ్లను పట్టేస్తోందా? మింగాక రుచి ఎంతసేపు నిలుస్తోంది?

రుచి నిలవడంలో నువోకు మార్కులు తక్కువే. అయితే దాన్ని చూడాల్సిన లెక్క వేరు. అరటిపండు వాసన తప్ప ద్రాక్ష జాడే లేకపోతే అది నాసిరకం. పండు రుచి, పులుపు సమంగా కుదిరి నోరు తేటపడితే, చౌకదైనా మంచిదే.

పేరే ముప్పైన వేళ

1951లో కొత్త వైన్‌ను ముందుగానే అమ్ముకోవడానికి ప్రభుత్వం అనుమతిచ్చింది. రైతుకు పంట డబ్బు వెంటనే చేతికొచ్చింది. 1985లో మూడో గురువారం ముహూర్తం ఖాయమైంది. వ్యాపారి జార్జ్ డుబఫ్ ప్రచారంతో ఇది ప్రపంచమంతా తిరిగింది. జపాన్‌లో ఓ స్నానవాటికలో జనం ఈ వైన్ కలిపిన తొట్లలో జలకాలాడేదాకా వెళ్లింది!

మోజు పెరిగేకొద్దీ నీళ్లలాంటి సరుకూ సీసాల్లోకి చేరింది. 2001 పంటలో అమ్ముడుపోని వైన్ లక్షల లీటర్లను బట్టీలకు పంపాల్సివచ్చింది. లియోన్ పత్రిక ఒకటి ఈ వైన్‌ను తీసిపారేస్తూ ఓ విమర్శకుడు అన్న ముతక మాటను అచ్చేసింది. రైతులు కోర్టుకెక్కారు. 2003లో పత్రిక భారీ నష్టపరిహారం కట్టాలని తీర్పు వచ్చినా తర్వాత పై కోర్టు ఆ తీర్పును కొట్టేసింది. కోర్టులో ఎవరు నెగ్గినా నష్టపోయింది మాత్రం బోజొలే పేరే. ఇదే కొండల్లో మోర్గాన్, ములెన్-అ-వాన్ లాంటి పది ప్రత్యేక ప్రాంతాలున్నాయి. అక్కడివారు ఆ ప్రాంతాల పేర్లతో నువో చేయరు. అదే గమేతో ఏళ్ల తరబడి నిలవుండే వైన్ తీస్తారు. అయినా అపకీర్తిలో వాళ్లకూ వాటా దక్కింది!

మన ఇళ్లలో కొత్తావకాయ జాడీ తెరిచిన రోజు గుర్తుందా? ముక్క ఇంకా ఊరలేదని ఎవరూ పేరు పెట్టరు. ఆ కొత్తదనమే రుచి. అలాగని కారం ఘాటే తప్ప మామిడి రుచే తగలకపోతే ఊరుకోరు కూడా. నువో సంగతీ అంతే!

తెల్లవారేసరికి బోజూలో కాగడాలు ఆరిపోతాయి. చలికాలం ముదిరేలోపు రైతులు కత్తెరలు పట్టుకుని మళ్లీ తోటల్లోకి నడుస్తారు, వచ్చే ఏటి తీగల కోసం.