తెల్లగీత



గడచిన శ్రావణమాసమున నొకరాత్రి ఆరేండ్ల మనుమరాలి చేయి పట్టుకొని దిల్‌సుఖ్‌నగరులో రోడ్డు దాటుచుంటిని. అది విజయవాడకు పోవు పెద్దబాట. 2018వ సంవత్సరమున మెట్రోరైలు ఎల్.బి.నగరు వఱకు వచ్చి తలపై పరుగిడుచున్నను, క్రింద బండ్లకు తెరపి లేదు. పాదచారులకై గీచిన తెల్లపట్టీలమీదనే నడచుచుంటిమి. కాని వాన కురియుచుండెను. కారు నడుపువానికి నీటి మెరుపే గాని పట్టీలు కానరాలేదు. కారు మాకు మూరెడు దూరమున నాగినది. బిడ్డ బావురుమన్నది. నాకు నోట మాట రాలేదు.

మిన్నెసోటాలో రోడ్ల యింజనీరుగా నున్న నా కుమార్తెకు టెలిఫోనులో నీ సంగతి చెప్పితిని. "అమ్మా! గీత గీయుట సులభము. కనబడవలసిన వేళ కనబడునట్లు చేయుటయే కష్టము" అని యామె వివరించినది.

రంగుముద్దను సుమారు 200 డిగ్రీల వేడిమిలో కరగించి రోడ్డుపై పరచి, చల్లారకముందే సన్నని గాజుపూసలు చల్లుదురు. దీపపు వెలుగు పూసలో దూరి, వచ్చిన దారినే మరలి, బండి నడుపువాని కన్నులకు చేరును. పూసలు నీట మునిగినచో వెలుగు మరలదు.

అచ్చట మంచు దండిగా పడును. మంచును త్రోయు బండ్ల యినుపపలక రోడ్డును గీకుచు పోవునపుడు గీతయు పూసలును ఊడిపోవును. అందుచే రోడ్డును కొన్ని మిల్లీమీటర్ల లోతున చెక్కి, నగలో రాయి పొదిగినట్లు, ఆ గాడిలో గీతను పొదుగుదురు. పలక పైగా పోవును, గీత నిలుచును.

మనకు మంచు లేదు గనుక, రోడ్డంచుల గీతలను గట్లుగట్లుగా ఎత్తుగా పోయవచ్చును. నీరు ప్రక్కలకు జారును. గట్ల తలలు మెరయుచుండును. పాదచారుల పట్టీలకు మాత్రము దుమ్ము కడుగుటయు, అరిగినంతనే మరల వేయుటయు, పైన మంచి దీపముంచుటయు కావలెను.

కాలిఫోర్నియాలో 1917వ సంవత్సరమున డాక్టరు జూన్ మెక్కారల్ అను స్త్రీ, ఎదురుగా వచ్చిన లారీవలన కారుతోసహా బాట తప్పినది. ఆమె తానే నడిబాటను తెల్లగీత గీసినది. పిమ్మట స్త్రీల సంఘములు పట్టుబట్టి ఉత్తరములు వ్రాయగా, 1924లో ఆ రాష్ట్రము తన రోడ్లపై గీతలు గీయించెను.

ఇది విని మా వీథి స్త్రీలము పదునొకండ్రము కూడి అధికారులకు అర్జీ వ్రాసితిమి. పగటివేళ గాక, వాన కురియు రాత్రి వచ్చి, బండిలో కూర్చుండి ఆ పట్టీలను చూడవలెనని మాత్రమే కోరితిమి.