కిలోన్నర

అబ్దుల్లాపూర్‌మెట్‌లో విజయవాడ హైవే పక్కన క్లినిక్ నడిపే ఆ డాక్టర్‌కు జ్వరాల కాలం కన్నా ఆటల సెలెక్షన్ల కాలమంటేనే చిరాకు. మధ్యాహ్నం షట్టర్ దించే వేళకు, ఆడపిల్లను బండి మీద ఎక్కించుకుని ఎవరో ఒక తండ్రి దిగుతాడు. "ఏం లేదు సార్, ఫిట్‌నెస్ కాయితం మీద జర సంతకం పెట్టుండ్రి. రేపే పోటీ." పిల్లను చూడమని ఎవరూ అడగరు.

పదహారేళ్ల బాక్సర్ ఒకతె మాత్రం కాయితం కోసం రాలేదు. పోటీకి ముందురోజు బాత్రూమ్‌లో కళ్లు తిరిగి పడింది. నాలుక పిడచకట్టుకుపోయింది, నాడి 130. రెండు సెలైన్లు ఎక్కాక కళ్లు తెరిచి అడిగిన మొదటి మాట: "ఇప్పుడు బరువెంత పెరిగింది సార్?"

ఆమె ఆడాల్సిన విభాగానికి కిలోన్నర ఎక్కువుందట. రెండు రోజులు అన్నం మానింది, నీళ్లు మానింది, ఎండలో రెయిన్‌కోటు తొడుక్కుని పరుగెత్తింది. నాలుగు నెలలుగా నెలసరి లేదు. "అందరికీ అంతే సార్" అంది. తిండి చాలని ఒళ్లు ముందుగా ఆపేసేది దాన్నే, ఆ తర్వాత వంతు ఎముకలదని చెబితే తల ఊపింది. విన్నట్టు లేదు.

బక్కపిల్ల బలమైన పిల్ల చేతిలో దెబ్బలు తినకూడదనే తూకాలు పెట్టారు. ఇప్పుడు ప్రతి పిల్లా ఒక మెట్టు దిగి చిన్నవాళ్లతో తలపడాలని చూస్తుంది. ఎదుటి పిల్లా అదే పని చేసి వస్తుంది. ఇద్దరూ ఎండిపోయి రింగులో నిలబడతారు. కరిగింది కొవ్వు కాదు, రక్తంలోని నీరు. గుండె, కిడ్నీలు దానికి లెక్క చెప్పాలి. 1997లో అమెరికాలో ముగ్గురు కాలేజీ కుస్తీ కుర్రాళ్లు ఇలాగే బరువు దించుకుంటూ చనిపోయాక గానీ అక్కడ నియమాలు మారలేదు.

మన నిజామాబాద్ నిఖత్ జరీన్ 2022లో 52 కిలోల ప్రపంచ చాంపియన్. ఒలింపిక్స్‌లో ఆ విభాగమే లేదు. 50కి దిగింది, 2023లో ఢిల్లీలో అక్కడా గెలిచింది. పారిస్‌లో చైనా బాక్సర్ వూ యూ చేతిలో ఓడాక, బరువు కోసం రెండు రోజులు తినలేదని తానే చెప్పింది. వారం తిరక్కముందే కుస్తీలో వినేశ్ ఫొగాట్‌ను 100 గ్రాములు ఫైనల్‌కు దూరం చేశాయి. దీన్నుంచి జనం ఏం నేర్చుకున్నారు? "ఇంకో పూట నీళ్లు ఆపుంటే అయిపోతుండె" అని డాక్టర్‌కే చెప్పిన తండ్రి ఉన్నాడు.

ఇప్పుడు చూసేది తూకం ఒక్కటే కాదు. పారిస్‌లో బాక్సర్ ఇమేన్ ఖెలిఫ్ ఆడవాళ్ల విభాగంలో ఆడొచ్చా అన్న గొడవ తర్వాత, 2025లో వరల్డ్ బాక్సింగ్ సంస్థ పద్దెనిమిది దాటిన ఆటగాళ్లకు జన్యు పరీక్ష తప్పనిసరి చేసింది. ఫలితాలు సమయానికి అందక ఫ్రాన్స్ అమ్మాయిలు లివర్‌పూల్ పోటీలో బరిలోకే దిగలేకపోయారు. మగవాళ్ల బలంతో పడే గుద్దు నుంచి ఆడపిల్ల దవడకు రక్షణ కావాలన్న మాటను డాక్టర్ కొట్టిపారేయడు. కానీ వై క్రోమోజోమ్ ఉండి కూడా, పురుష హార్మోను ఒంటికి పట్టక అమ్మాయిలుగానే పెరిగేవాళ్లుంటారు. ఆ సంగతి వాళ్లకు ఇలాంటి రిపోర్టులో తెలియడం అతనికి మింగుడుపడదు. ఆ వార్త చూసి, పదమూడేళ్ల బిడ్డకు "ఆ టెస్టు కూడా రాయుండ్రి" అన్నాడొక తండ్రి. హిమోగ్లోబిన్ పరీక్ష రాస్తే మాత్రం, ఖర్చెందుకన్నాడు. పట్టుబట్టి చేయిస్తే 8 వచ్చింది.

బాక్సర్ పిల్ల రక్తపరీక్షలో పొటాషియం బాగా తక్కువుంది. ఉపవాసం ఒక్కటే అంత పని చేయదు. "ఇంకేమన్నా మింగినవా తల్లీ?" జవాబు లేదు. తల్లి బ్యాగులోంచి సగం ఖాళీ అయిన మాత్రల షీటు తీసింది. ఒంట్లో నీరు లాగేసే మాత్ర, డోపింగ్ నిషేధ జాబితాలో ఉన్నది. నానమ్మ గుండెజబ్బుకు వాడేది. రాసింది ఆ డాక్టరే.

అంతకు నెల ముందే, మాత్రలు ముందుగా అయిపోతున్నాయని ముసలామె చెప్పింది. "లెక్క మరిచిపోతున్నవు అవ్వా" అని అతనే విసుక్కున్నాడు.

తర్వాత ఆ ముసలామె కాళ్ల వాపుతో వచ్చింది. కొంగు ముడి విప్పి, మాత్రలు బల్ల మీద పెట్టి, ఒక్కొక్కటే లెక్కపెట్టి చూపించింది.