పాత్రను వంచిన చేయి

మద్రసాలో శుద్ధి ప్రకరణం బోధించేటప్పుడు ప్రతి ఏటా ఒక హదీసు వద్దకు వస్తాను. హజ్రత్ అబూ ఖతాదా (రజి) వుజూ కోసం కోడలు కబ్షా నీళ్లు సిద్ధం చేసింది. అంతలో ఒక పిల్లి ఆ నీటి కోసం వచ్చింది. ఆయన పాత్రను దానివైపు వంచి, అది తాగేదాకా అలాగే ఉంచారు. కోడలు వింతగా చూస్తుంటే, పిల్లి అశుద్ధమైనది కాదని, మన మధ్య తిరుగాడే ప్రాణి అని దైవప్రవక్త (స) చెప్పిన విషయాన్ని ఆమెకు తెలియజేశారు. పిల్లి ముట్టిన నీటికి సంబంధించిన ధర్మాదేశాన్ని విద్యార్థులకు వివరించి నేను తరువాతి హదీసుకు వెళ్లిపోయేవాణ్ణి. ఆ వంచిన పాత్రను గురించి 25 ఏళ్లలో ఒక్కసారైనా ఆలోచించలేదు.

మా ఇంట్లో భూరీ అనే పిల్లి ఉంది. వయస్సు 11 ఏళ్లు. నిరుడు చలికాలంలో అది మాటిమాటికీ నీళ్లు తాగసాగింది. తింటూనే చిక్కిపోయింది. వెనుక కాళ్ల మడమలను నేలకు ఆనించి నడవసాగింది. పశువైద్యురాలు రక్తం, మూత్రం పరీక్షించి మధుమేహమని నిర్ధారించారు. ప్రతి 12 గంటలకు ఇన్సులిన్ ఇవ్వాలని, పాలన్నం మాన్పించి మాంసాహారం పెట్టాలని, తిన్న తరువాతే సూది వేయాలని చెప్పారు. మా అమ్మీకి ఏళ్ల తరబడి ఇన్సులిన్ ఇచ్చిన చేతులే కనుక నాకిది కష్టమనిపించలేదు.

సమస్య మరోచోట తలెత్తింది. పాలన్నానికి అలవాటు పడిన భూరీ కొత్త ఆహారాన్ని వాసన చూసి ముఖం తిప్పుకునేది. ఒక పూట తింటే మరో పూట తినేది కాదు.

ఒకనాడు ఫజ్ర్ నమాజు ముగించుకొని వచ్చాను. పాఠానికి వేళ మించిపోతోంది. గిన్నెలో కోడిమాంసం పెట్టి, సూది వేసి, వెళ్లిపోయాను. పది గంటలకు మా శ్రీమతి ఫోను చేసింది. "ఏమండీ, భూరీ తూలిపోతోంది. తల నిలపలేకపోతోంది. త్వరగా రండి" అన్నది. నేను ఇల్లు చేరేసరికి, వైద్యురాలు ఫోనులో చెప్పినట్లు ఆమె దాని చిగుళ్లకు తేనె రాస్తోంది. పక్కన గిన్నె నిండుగానే ఉంది.

ఆసుపత్రిలో నరానికి గ్లూకోజు ఎక్కిస్తూ వైద్యురాలు, "ఉదయం తిన్నదా?" అని అడిగారు.

"పెట్టానమ్మా" అన్నాను.

"పెట్టారా అని కాదండీ, తిన్నదా అని అడుగుతున్నాను."

నా వద్ద జవాబు లేదు. పిల్లిని బంధించి, దానికి తిండి పెట్టక, స్వయంగా వెతుక్కొని తినేందుకు వదలక చంపిన స్త్రీ నరకశిక్షకు గురైన వృత్తాంతం బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉంది. దాన్ని బోధించిన ప్రతిసారీ ఆ స్త్రీకీ నాకూ సంబంధం లేదనుకున్నాను. మా ఇంట పిల్లి గిన్నె ఏనాడూ ఖాళీగా లేదు కదా! కానీ ఆ నిండు గిన్నె పక్కనే, నా చేతి సూదితోనే, ఒక ప్రాణి చావు అంచు దాకా వెళ్లింది. అబూ ఖతాదా (రజి) పాత్రను ఎందుకు వంచారో నాకు ఆ రోజు అర్థమైంది. నీరు అక్కడ ఉంటే చాలదు, అది ఆ ప్రాణి నోటికి అందాలి.

అల్లాహ్ దయవల్ల భూరీ బతికింది. ఇప్పుడు రెండు పూటలా దాని ముందు కూర్చుంటున్నాను. కూరలోని ముక్కలు పెట్టము. ఉల్లి, వెల్లుల్లి పిల్లులకు విషం. ఉప్పు లేకుండా ఉడికించిన కోడిమాంసాన్ని కాస్త వెచ్చచేస్తే వాసనకు దగ్గరకు వస్తుంది. మొదట నా వేలి మీది ముక్క నాకుతుంది, తరువాత గిన్నెలో మూతి పెడుతుంది. అది తిన్నాకే సూది. తినకపోతే నా సొంత నిర్ణయం ఏదీ తీసుకోను, వైద్యురాలికి ఫోను చేస్తాను. పూర్తిగా ఒక రోజు తినకపోతే ఆసుపత్రికి తీసుకువెళ్లాలన్నారు. పస్తుంటే పిల్లి కాలేయానికి కొవ్వు పట్టి ప్రాణాపాయం కలుగుతుందట.

అలా కూర్చున్నప్పుడు అమ్మీ గుర్తుకు వస్తుంది. చివరి సంవత్సరం ఆమెకు ఆకలి మందగించింది. ఇన్సులిన్ వేళ తప్పకుండా ఇచ్చాను. గదికి పళ్లెం పంపించాను. గుమ్మం వద్ద నిలబడి "అమ్మీ, భోజనం వచ్చిందా?" అని అడిగేవాణ్ణి. "వచ్చింది బేటా" అనేది. తిన్నావా అని ఎన్నిసార్లు అడిగానో, పక్కన కూర్చొని ఎన్ని ముద్దలు తినిపించానో లెక్క చూసుకుంటే తల వాలిపోతుంది.

మన ఇళ్లలో వృద్ధుల గదులకు వేళకు పళ్లేలు వెళుతూనే ఉన్నాయి. వాటి వెంట మనం కూడా వెళ్లి కాసేపు కూర్చుందాం. అల్లాహ్ మా అమ్మీని మన్నించుగాక! నా లోపాన్ని క్షమించుగాక! మన చేతికి అప్పగించిన ప్రతి ప్రాణి విషయంలో మనకు శ్రద్ధను ప్రసాదించుగాక! ఆమీన్.