చెత్త కంపెనీవారి బంతాట

మన ఇళ్ళల్లో పేరు మారేది ఆడపిల్లకే. పుట్టింట్లో ఇరవై ఏళ్ళు రాసుకున్న ఇంటిపేరు మూడుముళ్ళూ పడగానే ఆ గడప దగ్గరే ఆగిపోతుంది. సర్టిఫికెట్లలో ఒక పేరు, రేషను కార్డులో ఒక పేరు, బ్యాంకు పుస్తకంలో ఇంకో పేరు. ముగ్గురు మనుషులుగా బతకడం మనకు అలవాటైపోయింది. జర్మనీలో బాస్కెట్‌బాల్ ఆడే జట్లకు కూడా ఈ అవస్థ ఉందని మా మనవరాలి పుణ్యమా అని తెలిసింది.

మా అమ్మాయీ అల్లుడూ బెర్లిన్‌లో ఉంటారు. వాళ్ళ పదకొండేళ్ళ కూతురు అక్కడ ‘ఆల్బా బెర్లిన్’ అనే క్లబ్బులో బంతాట నేర్చుకుంటోంది. “ఆల్బా అంటే ఏమిటే?” అని ఒకసారి అడిగాను.

“చెత్త ఎత్తే కంపెనీ అమ్మమ్మా!” అంది.

ఫోను చెవికి గట్టిగా ఆనించుకుని మళ్ళీ అడిగాను. మళ్ళీ అదే మాట. మా తిరుపతిలో పొద్దున్నే పాట పెట్టుకుని వీధిలోకొచ్చే చెత్తబండి గుర్తొచ్చి నవ్వాగలేదు. “నవ్వకు, మేము జర్మనీ ఛాంపియన్లం” అని పిల్ల మూతి ముడుచుకుంది.

నిజమే. చార్లొటెన్‌బుర్గ్ అనేది బెర్లిన్‌లో ఒక పేట. మన భవానీనగరూ, కొర్లగుంటా లాగన్న మాట. ఆ పేట పేరుతో ఒక బాస్కెట్‌బాల్ జట్టు ఉండేది. 1989లో బెర్లిన్ గోడకు దారులు తెరుచుకున్నాయి. మరుసటేడు రెండు జర్మనీలూ ఒకటయ్యాయి. 1991లో, చెత్త పోగుచేసి పనికొచ్చేది మళ్ళీ వాడకంలోకి తెచ్చే ఆల్బా కంపెనీ ఈ జట్టుకు డబ్బు పెట్టడానికి ముందుకొచ్చింది. పేట పేరు పోయి కంపెనీ పేరొచ్చింది. పేరులో కలిసొచ్చిందని ఆల్బట్రాస్ అనే సముద్రపు పక్షిని గుర్తుగా పెట్టుకున్నారు.

అక్కడ ఇది వింతేమీ కాదట. పెద్ద జట్ల లీగు 1966లో మొదలైంది. అందులో 14 సార్లు గెలిచిన లెవర్‌కూజెన్ జట్టు బాయర్ కంపెనీ నీడలో పెరిగింది. తలనొప్పికి మనం మింగే ఆస్పిరిన్ ఉందే, ఆ కంపెనీ! ఆ ఫ్యాక్టరీ పనివాళ్ళు 1904లో పెట్టుకున్న ఆటల సంఘమది. బాంబెర్గ్ అనే చిన్న ఊరి జట్టయితే డబ్బిచ్చే కంపెనీ మారినప్పుడల్లా పేరు మార్చుకుంటూ వచ్చింది. అదే ఊరు, అదే జనం, పేరు మాత్రం ఇంకోటి. మనమైనా ఒక్కసారే మార్చుకుంటాం!

అసలీ ఆట పుట్టుకే తమాషాగా ఉంటుంది. 1891 డిసెంబరులో అమెరికాలో స్ప్రింగ్‌ఫీల్డ్ అనే ఊళ్ళో జేమ్స్ నైస్మిత్ అనే వ్యాయామం మాస్టారు, చలికాలంలో కుర్రాళ్ళను గదిలోపలే ఆడించడానికి ఏదో ఒక ఆట కావాలని పీచ్ పండ్ల బుట్టలు రెండు పైన మేకు కొట్టి తగిలించాడు. బుట్టకు అడుగుంది కాబట్టి బంతి పడిన ప్రతిసారీ ఎవరో ఒకరు పైకెక్కి తీసివ్వాలి. అదే మా చిత్తూరు జిల్లాలో పుట్టి ఉంటే దామలచెరువు మామిడికాయల గంప తగిలించి ఉండేవాళ్ళు. పండ్ల సీజను అయ్యేదాకా ఆట ఆగి ఉండేది, అది వేరే సంగతి.

మరుసటేడే సెండా బెరెన్సన్ అనే టీచరమ్మ ఈ ఆటను స్మిత్ కాలేజీ అమ్మాయిలకు నేర్పింది. అయితే ఆడపిల్లలు సుకుమారులు కదా అని నియమాలు మార్చింది. ఆటస్థలాన్ని మూడు భాగాలు చేసి, ఎవరి భాగంలో వాళ్ళుండాలంది. ఒకరి చేతిలోంచి ఒకరు బంతి లాక్కోకూడదంది. మూడు సెకన్లకు మించి బంతి పట్టుకోకూడదంది. అమ్మాయిలు ఆడుతుంటే చూడ్డానికి మగవాళ్ళను రానివ్వలేదు. ఎంత జాగ్రత్తో చూశారా! మగవాళ్ళ బాస్కెట్‌బాల్ 1936లో బెర్లిన్ ఒలింపిక్సులోనే చేరింది. ఆడవాళ్ళది చేరడానికి ఇంకో నలభై ఏళ్ళు పట్టింది. 1976, మాంట్రియల్.

ఆ సంవత్సరం నాకు బాగా గుర్తు. దానికి ముందేడే నేను బంతి వదిలేశాను.

చిత్తూరులో మా బడి వెనక మట్టినేలలో ఒక స్తంభం, దానికొక ఇనప రింగు ఉండేవి. రెండో స్తంభం ఎప్పుడో పడిపోయింది, మళ్ళీ నిలబెట్టలేదు. అందుకని రెండు జట్లూ ఒకే రింగులో వేసేవాళ్ళం. ఓణీ చెంగు నడుముకు బిగించి దోపుకుని, చెప్పులు గోడవారగా వదిలేసి, ఎర్రటి దుమ్ములో ఆడేవాళ్ళం. మద్రాసులో వై.ఎం.సి.ఎ. వారి కాలేజీ ఉంది కదా, 1920లో పెట్టినది, దక్షిణాదిలో డ్రిల్లు మాస్టర్లకు అదే కాశీ. మా డ్రిల్లు టీచరు అక్కడ చదివిన ఒక మాస్టారి దగ్గర ఈ ఆట నేర్చుకున్నారట. “మోచెయ్యి లోపలికి, చూపు రింగు మీద” అని ఎన్నిసార్లు చెప్పేవారో! ఇప్పటికీ కొబ్బరిచిప్ప పెరట్లోని తొట్టిలోకి విసిరేటప్పుడు నా మోచెయ్యి దానంతటది లోపలికొస్తుంది.

తొమ్మిదో తరగతిలో ఉండగా ఇంట్లో మాన్పించారు. మా అవ్వ మొదలుపెట్టింది. “ఏమే, మొగపిల్లోళ్ళ మాదిరి ఆ ఎగర్లాటేందే? రేపు నిన్ను చూసేదానికి వచ్చినోళ్ళు ఏమనుకుంటారు?” టీచరు స్వయంగా మా ఇంటికొచ్చారు. జిల్లా పోటీలున్నాయి, పది రోజులు పంపించండి చాలు అన్నారు. మా నాన్న అరుగుమీద కుర్చీలో కూర్చుని పేపరు చదువుతున్నాడు. పేపరు దించలేదు. “చూద్దాం లెండమ్మా” అన్నాడు. ఆవిడ కాఫీ తాగకుండానే వెళ్ళిపోయారు. అంతే. మా ఇంట్లో ఎవరూ నన్ను కొట్టలేదు, తిట్టలేదు. ఇంటిపేరు మారడానికి అప్పటికింకా ఐదేళ్ళుంది.

సరే, ఆల్బా సంగతికొస్తాను. మా మనవరాలు వాళ్ళ క్లబ్బు చరిత్రను మన పిల్లలు ఎక్కాలు ఒప్పజెప్పినట్టు ఒప్పజెబుతుంది. 1995లో కోరాచ్ కప్పు ఫైనలు ఇటలీలోని మిలాన్ జట్టుతో రెండు ఆటలుగా జరిగింది. మొదటిది మిలాన్‌లో 87–87, సమానం. రెండోది బెర్లిన్‌లో 85–79. యూరప్ స్థాయిలో కప్పు గెలిచిన మొదటి జర్మన్ జట్టదే. ఆ తర్వాత 1997 నుంచి 2003 దాకా వరసగా ఏడుసార్లు దేశంలో వాళ్ళే ఛాంపియన్లు. 2008లో ఇంకోసారి గెలిచారు. ఆపైన పన్నెండేళ్ళు కరువు. మన రాయలసీమ కరువే నయం, మధ్యలో ఒకటి రెండు వానలైనా పడతాయి!

కరువు తీరింది 2020లో. అప్పటి కోచి ఐతో గార్సియా రెనేసెస్ అనే స్పెయిన్ దేశస్థుడు. వయసు 73. మావారు రిటైరయ్యాక బజారునుంచి కూరగాయలు తేవడానికే మోకాళ్ళంటారు. ఆ పెద్దాయన కరోనా రోజుల్లో కుర్రాళ్ళతోపాటు మ్యూనిక్‌లో ఒక హోటల్లో బందీగా ఉండి, చూసే జనం ఒక్కరూ లేని హాల్లో వాళ్ళను గెలిపించాడు. 2021, 22లలో కూడా వాళ్ళే గెలిచి లెక్క పదకొండు చేశారు.

కానీ నాకు ఈ కప్పులకన్నా నచ్చిన సంగతి ఇంకొకటుంది. అదే 2020 మార్చిలో బెర్లిన్‌లో బడులు మూసేశారు. పిల్లలు ఇళ్ళల్లో గోడలు గీకుతున్నారు. అప్పుడీ క్లబ్బువాళ్ళు, ఆటలు ఆగిపోయి చేతిలో పనిలేని కోచీలను కూర్చోబెట్టి, యూట్యూబులో రోజూ ఒక డ్రిల్లు క్లాసు మొదలుపెట్టారు. చంటిపిల్లలకొకటి, చిన్న బడి పిల్లలకొకటి, పెద్ద పిల్లలకొకటి. బంతి లేకపోతే చుట్టిన మేజోళ్ళు చాలన్నారు. మా మనవరాలికప్పుడు ఐదారేళ్ళు. అక్కడ పొద్దుటి వేళ, మాకు ఇక్కడ భోజనాల వేళ. ఇక్కడా లాక్‌డౌనే కదా. గోవిందరాజస్వామి గుడి వీధిలో కాకి కూడా లేని రోజులు. ఫోను బియ్యం డబ్బాకు ఆనించి పెట్టి, అక్కడ అది గెంతుతుంటే ఇక్కడ నేను వంటింట్లో చేతులు పైకెత్తేదాన్ని. “ఏమిటే ఆ శివాలు?” అని మావారు గుమ్మంలోంచి తొంగిచూసి వెళ్ళేవారు. భాష ముక్క అర్థమయ్యేది కాదు. చెయ్యి పైకెత్తమంటే ఏ భాషలోనైనా ఒకటే కదా.

ఇదంతా కంపెనీ ప్రచారం కాదా అంటే, కొంత ప్రచారమే. ఏమాటకామాటే చెప్పుకోవాలి. కానీ ఆ క్లబ్బు అంతకుముందు చాలా ఏళ్ళనుంచే బెర్లిన్ బడులకూ, బాలవాడీలకూ కోచీలను పంపుతోంది. 2023లో జర్మనీ ప్రపంచ ఛాంపియనైనప్పుడు ఆ జట్టులో ఉన్న మోరిట్స్, ఫ్రాంట్స్ వాగ్నర్ అన్నదమ్ములిద్దరూ బెర్లిన్‌లో పుట్టి ఆల్బాలో బంతి పట్టినవాళ్ళే. మనకూ డబ్బిచ్చి ఆడించే లీగు ఒకటి లేకపోలేదు. 2015లో మొదలైన యూబీఏ లీగులో ‘హైదరాబాద్ స్కై’ అని ఒక జట్టుండేది. కొన్నేళ్ళకే లీగు మూతపడింది. జట్టును కొనడం తేలికే, బడి వెనక పడిపోయిన రెండో స్తంభాన్ని నిలబెట్టేవాళ్ళే దొరకరు.

2023 డిసెంబరులో బెర్లిన్ వెళ్ళినప్పుడు ఒక ఆటకు తీసుకెళ్ళారు. పాత బెర్లిన్ గోడలో మిగిలిన ముక్క పక్కనే ఆ పెద్ద హాలు. 2008లో కట్టినప్పుడు దానికి ఫోను కంపెనీ పేరు. నేను చూసినప్పుడు బెంజి కార్ల పేరు. నేను తిరిగొచ్చిన కొన్నాళ్ళకే, 2024 మార్చిలో, ఊబర్ ట్యాక్సీల పేరు పెట్టారు. పేర్ల గొడవ హాలుకు కూడా తప్పలేదు! డప్పులు, కేకలు, మా గంగమ్మ జాతరకు తక్కువేమీ కాదు. స్వెట్టరుమీద స్వెట్టరు వేసుకుని కూర్చున్న నేను కూడా చివర్లో లేచి నిలబడ్డాను.

అక్కడ కూడా ఆడవాళ్ళ జట్టు పై లీగులోకి వచ్చింది 2022లోనే. మగవాళ్ళు ఏడూ ఏడూ కప్పులు లెక్కపెట్టుకున్న ముప్పై ఏళ్ళ తర్వాత. వచ్చిన రెండేళ్ళకే, 2024లో, దేశంలో ఛాంపియన్లయ్యారు. మనవరాలి గదిలో గోడమీద ఆ ఫోటో ఉంది. మొన్న “మేము ఛాంపియన్లం” అని మూతి ముడుచుకున్నది వీళ్ళను చూసుకునేనని అప్పుడు తెలిసింది.

పోయిన నెల మా అమ్మాయి ఫోను చేసింది. బెర్లిన్‌లో ఆరో తరగతి అయ్యాక పిల్లలు పెద్ద బడికి మారాలట. మంచి బడి దొరకాలంటే ఇప్పటి మార్కులే ముఖ్యమట. వారానికి మూడు రోజులు ఆటకే పోతున్నాయి. “పైగా ఈమధ్యే పెద్దదయింది కదమ్మా, ఒళ్ళంతా దెబ్బలు తగిలించుకుని వస్తోంది. ఇంక చాలనిపిస్తోంది. నీ మాటయితే వింటుంది, నువ్వే నచ్చజెప్పు” అంది.

నేను కాసేపు మాట్లాడలేదు. తర్వాత మా డ్రిల్లు టీచరు ఇంటికొచ్చిన రోజు సంగతి చెప్పాను. ఇన్నేళ్ళలో దానికి ఎప్పుడూ చెప్పలేదు. చెప్పేంత పెద్ద సంగతి కాదని కాదు, ఎవరూ అడగలేదు.

“తాతయ్యా? తాతయ్య అలా అన్నాడా?” అంది.

“ఏమీ అనలేదే. పేపరు దించలేదు, అంతే” అన్నాను.

ఇంకేం మాట్లాడకుండా, పాలు పొంగుతున్నాయని ఫోను పెట్టేసింది. నేను మనవరాలికి ఏమీ నచ్చజెప్పలేదు. రెండు వారాలు ఆ ఊసే రాలేదు.

మొన్న శనివారం రాత్రి నేనే ఫోను చేశాను. మా అమ్మాయే తీసింది. వెనకాల దబదబా బంతుల చప్పుడు, ఈల మోత, పిల్లల అరుపులు.

“ఉండమ్మా, ఏమీ వినపడటం లేదు, బయటికొస్తా” అంది.

“రావద్దులే, అక్కడే ఉండి చూడు” అన్నాను.