మసి వేరు, బూడిద వేరు

విజయవాడ ఆటోనగర్ పేరు చెప్పగానే లారీలు గుర్తొస్తాయి. బాడీలు కట్టే షెడ్లు, సుత్తి దెబ్బలు, వెల్డింగ్ మెరుపులు, పెయింటు వాసన. ఆ సందడి దాటి లోపలి వీధుల్లోకి వెళితే డీజిల్ కార్ల పని మాత్రమే పట్టే చిన్న షెడ్లు కొన్ని ఉన్నాయి. వాటిలో ఒకదానికి వెళ్లాను. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్6 కాలుష్య ప్రమాణాలు అమల్లోకి వచ్చాక డీజిల్ కారు కొన్నవాళ్ల నోట తరచూ వినపడుతున్న మాట ‘డీపీఎఫ్ లైటు’. ఆ లైటు వెలిగిన బండికి ఇక్కడ ఏం చేస్తారో కళ్లారా చూడాలనిపించింది.

డీపీఎఫ్ అంటే పొగలోని మసిని బయటికి పోనీకుండా పట్టే ఫిల్టర్. బీఎస్4 డీజిల్ కారు కిలోమీటరుకు 25 మిల్లీగ్రాముల దాకా నుసి వదలొచ్చు. బీఎస్6 ఆ పరిమితిని 4.5 మిల్లీగ్రాములకు దించింది. అంత తక్కువకు రావాలంటే పొగ దారిలో ఫిల్టర్ పెట్టక తప్పలేదు.

మధ్యకు కోసిన పాత ఫిల్టర్ ఒకటి షెడ్డులో బల్ల మీద ఉంటే మేస్త్రి గారు నా చేతికిచ్చారు. అనుకున్నదానికన్నా బరువుంది. లోపల అగ్గిపుల్ల కూడా దూరనంత సన్నని చదరపు గొట్టాలు వేలకొద్దీ ఉన్నాయి. ఒక గొట్టానికి ఈ చివర మూత ఉంటే, పక్కదానికి ఆ చివర. లోపలికొచ్చిన పొగకు ఎదురుగా దారి ఉండదు కాబట్టి సన్నని గోడలోంచి పక్క గొట్టంలోకి పోవాల్సిందే. మసి గోడ ఇవతలే ఆగిపోతుంది.

ఆగిన మసిని కాల్చేయాలి. హైవే మీద ఇంజిన్ బాగా వేడెక్కినప్పుడు కొంత దానంతటదే కాలుతుంది. మిగిలినదాని కోసం ఇంజిన్ కంప్యూటరే అప్పుడప్పుడు అదనంగా డీజిల్ చిమ్మించి, ఫిల్టర్‌ను 600 డిగ్రీల దాకా వేడెక్కిస్తుంది. దాన్నే ఇక్కడ ‘రీజెన్’ అంటారు. బండి ఆగకుండా పదిహేను, ఇరవై నిమిషాలు పరుగెత్తితేనే అది పూర్తవుతుంది.

నేను వెళ్లేసరికి ఒక డాక్టరు గారి కారు బానెట్ తెరిచి ఉంది. ఇంటి నుంచి ఆస్పత్రికి, ఆస్పత్రి నుంచి క్లినిక్‌కి, అన్నీ బెంజ్ సర్కిల్ చుట్టుపక్కలే. లైటు వెలిగింది, తర్వాత పికప్ పోయింది. మరోచోట చూపిస్తే ఫిల్టర్ మార్చాలి, లక్ష దాటుతుందన్నారట.

మేస్త్రి గారు స్కానర్ తగిలించారు. పీ2463, అంటే మసి పేరుకుంది. ఆయన అక్కడితో ఆగలేదు. ఇంజిన్ స్టార్ట్ చేయకుండా తాళం మాత్రం తిప్పి, ఫిల్టర్‌కు ముందూ వెనకా ఒత్తిడి తేడా కొలిచే సెన్సర్ రీడింగ్ చూశారు. సున్నా. “ఇది అబద్ధం చెప్పట్లేదండీ. ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు కూడా ఏదో అంకె చూపిస్తే ముందు సెన్సర్‌ని అనుమానించాలి” అన్నారు. ఆ సెన్సర్‌కు పోయే రెండు రబ్బరు గొట్టాలను వేళ్లతో నొక్కి చూశారు. బాగానే ఉన్నాయి.

తర్వాత టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కు వెళ్లే పైపు దగ్గర టార్చి పట్టుకున్నారు. క్లాంపు పక్కన జిడ్డు, దాని మీద దుమ్ము అట్టకట్టి ఉంది. గుడ్డతో తుడిస్తే గోటిపొడవు చీలిక బయటపడింది. కొలిచిన గాలిలో కొంత ఆ సందులోంచి పోతోంది. ఇంజిన్ మాత్రం గాలంతా అందుతోందనుకుని డీజిల్ పోస్తోంది. గాలి చాలని డీజిల్ మసవుతుంది. ఆ చీలికను వదిలేసి కొత్త ఫిల్టర్ వేసినా లైటు మళ్లీ వెలిగేదే. ఈ షెడ్డులో నేను చూసిన అసలైన పనితనం ఇదే. కోడ్ చదవడం స్కానర్ కొన్న ఎవరికైనా వస్తుంది. మసి ఎక్కడ పుడుతోందో వెతకడానికి ఓపిక కావాలి.

డిప్‌స్టిక్ తీస్తే ఆయిల్ గరిష్ఠ గీతకు పైనే ఉంది, డీజిల్ వాసన కొడుతోంది. సగంలో ఆగిన రీజెన్‌లు అన్నీ ఇన్నీ కావు. కాలకుండా మిగిలిన డీజిల్ సిలిండర్ గోడల వెంట ఆయిల్లోకి దిగింది. ఆయిల్ ‘పెరిగిందని’ సంతోషించేవాళ్లూ ఉంటారట! పలచబడిన ఆయిల్‌తో బేరింగులు అరిగిపోతాయి. అందుకే పైపుతోపాటు ఆయిల్ కూడా మార్చాకే బండిని రోడ్డెక్కించారు.

నన్నూ ఎక్కమన్నారు. వారధి దాటి, మంగళగిరి మీదుగా కాజా టోల్‌గేటు వైపు వెళ్లాం. ఒళ్లో స్కానర్ పెట్టుకుని షెడ్డు కుర్రాడు అంకెలు చదువుతున్నాడు. బయల్దేరినప్పుడు మసి 80 శాతం. తాడేపల్లి దాటాక ఫిల్టర్ వేడి 600కు చేరింది. ఆ తర్వాత శాతం దిగడం మొదలైంది. మంగళగిరి దాటేసరికి 41, వెనక్కి తిరిగేలోపు 12. “చూశారా, లక్ష రూపాయలు!” అన్నాడు కుర్రాడు.

షెడ్డుకు వచ్చేసరికి ఒక టాక్సీ యజమాని ఎదురుచూస్తున్నాడు. రోజూ హైదరాబాద్ రోడ్డు మీద తిరిగే బండి, రెండు లక్షల కిలోమీటర్లు దాటింది. దానికీ అదే లైటు. “ఫిల్టర్ పీకేసి ప్రోగ్రాం మార్చేయండి అన్నా, మావాళ్లు చేయించుకున్నారు” అన్నాడు. మేస్త్రి గారు ఒప్పుకోలేదు. కాలుష్య ప్రమాణాలు తప్పితే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 190(2) కింద తొలిసారే మూడు నెలల వరకూ జైలు, పది వేల వరకూ జరిమానా, లేదా రెండూ పడొచ్చు. దానికన్నా నాకు ముఖ్యమనిపించేది మరొకటి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ డీజిల్ పొగను క్యాన్సర్ తెచ్చేవాటిలో మొదటి వర్గంలో చేర్చింది, 2012లో. ఫిల్టర్ పీకించిన బండి వెనక స్కూటరు మీద పిల్లల్ని బడికి తీసుకెళ్లే తల్లి ఆ పొగే పీలుస్తుంది. పొల్యూషన్ సర్టిఫికెట్ ఇచ్చేచోట బండి కిందికి వంగి ఫిల్టర్ ఉందా అని చూసేవాళ్లు నాకింతవరకూ కనబడలేదు. అది మారాలి.

“ఈ టాక్సీ సైలెన్సర్లో వేలు పెట్టి చూడండి” అన్నారు మేస్త్రి గారు. పెట్టాను. మసి అంటలేదు. ఫిల్టర్ పగల్లేదు, ఇప్పటికీ తన పని చేస్తోందని దానర్థం. మరి లైటెందుకు? స్కానర్లో మసి తక్కువే, ఒత్తిడి తేడా మాత్రం ఎక్కువ. ఇది బూడిద. పొయ్యిలో కట్టె కాలినా బూడిద మిగిలినట్టే, ఇంజిన్ ఆయిల్లోని కాల్షియం, జింకు లాంటివి ఫిల్టర్లో మిగిలిపోతాయి. ఎంత హైవే తిప్పినా అవి కాలవు. దానికి తోడు, చవగ్గా వస్తోందని పాత లారీలకు పోసే ఆయిలే పోయిస్తున్నాడట. ఈ బండికి బూడిద తక్కువ మిగిల్చే సీ3 రకం కావాలి.

డాక్టరు గారికి మాత్రం మేస్త్రి గారు వేరే సలహా ఇచ్చారు. “వారానికోసారి గుంటూరు దాకా వెళ్లిరండి సార్. కుదరదంటే ఈసారి పెట్రోలు బండి తీసుకోండి.” ఆ మాట కారు అమ్మినరోజే షోరూంలో చెప్పాల్సింది. రోజుకు ఎన్ని కిలోమీటర్లు తిరుగుతారని అడగకుండా డీజిల్ కారు అమ్మడం కొనేవాళ్లకు చేసే అన్యాయం.

టాక్సీ కింద బోల్టులు విప్పడం మొదలైంది. ఫిల్టర్ దించి, వెనక వైపు నుంచి నీళ్లు కొట్టి, పూర్తిగా ఆరబెట్టి రేపు బిగిస్తారు. బిగించాక స్కానర్లో బూడిద లెక్కను సున్నా చేయాలని కుర్రాడికి గుర్తుచేశారు మేస్త్రి గారు. లేకపోతే కడిగిన ఫిల్టర్‌ను కూడా బండి నిండినట్టే లెక్కేస్తుంది.