పిట్ట కోసం ఆగారా, గుండె కోసం ఆగారా?

“రోజూ నడవండి” అనగానే మా ఆసుపత్రికి వచ్చేవాళ్ళలో చాలామంది ముఖం ముడుచుకుంటారు. వీధిలో కుక్కలట, మేడ మీద విసుగట! అలాంటివాళ్ళకు నేనిచ్చే సలహా ఒకటే: ఒక ఆదివారం పొద్దున్నే శామీర్‌పేట చెరువుకు వెళ్ళి రండి.

సికింద్రాబాద్ నుంచి కరీంనగర్ రోడ్డు మీద పోతే వస్తుంది. మేడ్చల్ వైపు వాళ్ళకు మరీ దగ్గర. నిజాం కాలం నాటి చెరువు. దగ్గర్లోనే జవహర్ జింకల పార్కు, అందులో జింకలు, నెమళ్ళు. చలికాలమైతే మరీ మంచిది. తెల్ల కొంగలు ఒడ్డున తపస్సు చేస్తుంటాయి. నీటికాకి బండ మీద రెక్కలు చాచి ఆరబెట్టుకుంటుంది. నీళ్ళలో మునిగితే దాని ఈకలు తడిసిపోతాయి మరి!

కిందటి చలికాలం ఒక మిత్రుణ్ణి వెంటబెట్టుకు వెళ్ళాను. రిటైరైన ఉద్యోగి, అరవై దాటాయి. రెండువందల అడుగులు వేయగానే ఆగిపోయేవాడు.

“ఏం మాష్టారూ?”

“అదుగో, లకుముకి పిట్ట డాక్టరుగారూ!”

చూస్తే పిట్టా లేదు, గిట్టా లేదు. మూడోసారి ఆగినప్పుడు ఆయన చెయ్యి రొమ్ము రుద్దుకుంటోంది. “గ్యాసండీ, రాత్రి పూరీలు తిన్నాను” అన్నాడు. చెట్టుకింద కూర్చోబెడితే అయిదు నిమిషాల్లో తగ్గింది. అలా తగ్గడమే ఆయన్ని నెలరోజులుగా మోసం చేస్తోంది!

నడిచేటప్పుడు గుండె కండరానికి రక్తం ఎక్కువ కావాలి. రక్తనాళం సన్నబడితే అది చాలదు, రొమ్ము బిగుస్తుంది. ఆగితే సర్దుకుంటుంది. గ్యాసుకు మీరు నడుస్తున్నారో ఆగారో అక్కర్లేదు. అటునుంచి అటే ఆసుపత్రికి తీసుకెళ్ళాను. ఇ.సి.జి. మామూలుగానే ఉంది. కూర్చుని ఉన్నప్పుడు తీస్తే చాలాసార్లు అంతే. తర్వాతి పరీక్షల్లో అడ్డు బయటపడింది, స్టెంటు వేశారు. ఇప్పుడు బాగున్నాడు.

అందుచేత, నడకలో రొమ్ము పట్టేసి ఆగితే తగ్గుతోందంటే ఆ సంగతి డాక్టరుకు అలాగే చెప్పండి, అదే రోజు చెప్పండి. ఆడవాళ్ళకూ షుగరు ఉన్నవాళ్ళకూ నొప్పి లేకుండా ఆయాసం మాత్రమే రావచ్చు. కూర్చున్నా తగ్గకపోయినా, చెమటలు పట్టినా, నొప్పి ఎడమ చేతికో దవడకో పాకినా 108కి ఫోన్ చేయండి. స్వయంగా స్కూటరు నడుపుకుంటూ బయల్దేరవద్దు.

ఇంకొక మాట. పిట్టలు చూస్తూ ఆగి ఆగి నడిచింది వ్యాయామం కింద పూర్తిగా జమ కాదు. వారానికి 150 నిమిషాలు, మాట్లాడగలిగేంత, పాట పాడలేనంత వేగంతో నడవాలి. ముందు అరగంట అలా నడిచి, తర్వాత తీరిగ్గా కొంగల్ని చూడండి.

ఇన్సులిన్ వాడేవాళ్ళు జేబులో చక్కెర ఉంచుకోండి. బూట్లు వేసుకోండి. ఇంటికి రాగానే పాదాలు తిప్పి చూసుకోండి. షుగరు వల్ల పాదాలు మొద్దుబారినవాళ్ళకు తుమ్మముల్లు దిగినా తెలియదు.