మిల్లు టర్బైన్ నుంచి రాకెట్ నాజిల్ దాకా

మాది తుమ్మపాల. ఊరి పేరు చెబితే చుట్టుపక్కల ఎవరికైనా చక్కెర మిల్లే గుర్తొస్తుంది. ఆ మిల్లులో టర్బైన్ దగ్గర పనిచేసిన మా చిన్నాన్నను వెంటబెట్టుకుని శ్రీహరికోట అంతరిక్ష మ్యూజియానికి వెళ్లాను. సూళ్లూరుపేట దాటాక రోడ్డుకు రెండు పక్కలా పులికాట్ సరస్సే.

వచ్చినవాళ్లంతా రాకెట్ నమూనాల ఎత్తు చూస్తుంటే, చిన్నాన్న వంగి అడుగున ఉన్న నాజిల్‌లోకి తొంగిచూశాడు. అంచు దగ్గర గంటలా వెడల్పు, లోపలికి పోయేకొద్దీ ఇరుకు. "ఒరేయ్, ఇది మన టర్బైన్ నాజిలేరా! అది చేతిలో పట్టేది, అంతే తేడా" అన్నాడు.

ఆయన మాట నూటికి నూరుపాళ్లు నిజం. స్వీడన్ ఇంజినీరు గుస్టాఫ్ డి లావల్ 1880ల చివర్లో ఈ ఆకారాన్ని వాడింది ఆవిరి టర్బైన్‌లోనే. పాల నుంచి మీగడ తీసే యంత్రంతో పేరు తెచ్చుకున్నది కూడా ఆయనే. అమెరికాలో రాబర్ట్ గొడ్డార్డ్ దాన్ని రాకెట్లకు తగిలించాడు.

నీళ్ల గొట్టం కొస నొక్కితే ధార దూరం పోతుంది. వాయువు కూడా ఇరుకులో వేగం పుంజుకుంటుంది, కానీ అన్నిటికన్నా ఇరుకైన మెడ దగ్గర ధ్వని వేగాన్ని అందుకోగానే లెక్క తిరగబడుతుంది. అక్కడి నుంచి దారి వెడల్పైతేనే వేగం పెరుగుతుంది. పీడనం, వేడి తగ్గుతూ ఆ శక్తి వేగం రూపంలోకి మారుతుంది. ఇంటర్ ఫిజిక్స్‌లో ఈ ఒక్క ముక్క చెప్పినా పిల్లలు పాఠం మరిచిపోరు.

"మరి ఇంకా వెడల్పు చేయొచ్చు కదా?" అన్నాడు చిన్నాన్న. నేల మీద కుదరదు. మరీ వెడల్పు చేస్తే బయటి గాలి ఒత్తిడికి లోపలి ప్రవాహం గోడను వదిలేస్తుంది, నాజిల్ అదిరిపోతుంది. అందుకే గాలి పలచబడ్డాక మండే పై దశలకే పెద్ద గంటలు. ఇస్రో రాకెట్ ఎల్‌వీఎం3 పై దశలోని సీఈ20 ఇంజిన్ నాజిల్ మూతి వైశాల్యం మెడకు 100 రెట్లు. దాన్ని నేల మీద మండించి చూడటానికి ఇస్రో ప్రత్యేక రక్షణ ఏర్పాటు చేసుకుని, 2024 నవంబరు 29న మహేంద్రగిరిలో పరీక్షించింది.

బరువుది ఇంకో తంటా. పీఎస్‌ఎల్‌వీ నాలుగో దశ నాజిల్ గంటను కొలంబియం మిశ్రలోహంతో చేసేవారు. దాని బదులు కార్బన్-కార్బన్ మిశ్రమ పదార్థంతో చేసి, ఆక్సీకరణం తట్టుకునేలా సిలికాన్ కార్బైడ్ పూత పూశారు. 2024 ఏప్రిల్ 2న 200 సెకన్లు మండిస్తే అది 1,216 కెల్విన్ వేడిని తట్టుకుంది. గంట బరువు 67 శాతం తగ్గింది. దాంతో ఉపగ్రహం బరువు 15 కిలోలు పెంచుకోవచ్చు. ఆ 15 కిలోల కోసం ఇంత శ్రమా అనిపించింది నాకు. ఆవిరి ఎక్కడ వృథా అవుతుందోనని ఏళ్ల తరబడి కాపలా కాసిన చిన్నాన్నకు మాత్రం ఏ ఆశ్చర్యమూ లేదు.

శ్రీహరికోటలో రాకెట్ ప్రయోగం చూడాలనుకునేవారు ముందుగా ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోవాలి. గుర్తింపు కార్డు మరవకండి.